పోటీకి గుర్రపు జూలు, తోక సిద్ధం చేయడం: సమగ్ర మార్గదర్శి

గుర్రం జూలులో ఒక పాయ తెగితే అది మళ్లీ జడకు అందేంత పెరగడానికి నెలలు పడుతుంది. తోకలో తెగిన వెంట్రుక తిరిగి కింది దాకా దిగాలంటే ఏళ్లే పడుతుంది. పోటీనాటి ఉదయం ఎంత నేర్పు గల చేతులైనా ఉన్న వెంట్రుకలనే అల్లగలవు గాని లేనివాటిని పుట్టించలేవు. అందుచేత ఈ పనిని పోటీ తేదీ నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రావాలి. రెండు నెలల ముందు చర్మం సంగతి, మూడు నాలుగు వారాల ముందు జూలు పొడవు సంగతి, రెండు రోజుల ముందు స్నానం, ఆ ఉదయం అల్లిక. కొత్తగా నేర్చుకునేవారు చాలామంది చివరి మెట్టు దగ్గరే మొదలుపెడతారు. జడ జారిపోయినప్పుడు తప్పు వేళ్లదనుకుంటారు గాని, చాలాసార్లు అది అంతకు ముందు వారాల్లో జరగని పనిదే.

ముందుగా ఏ పోటీకి వెళ్తున్నారో చూసుకోవాలి

జూలును ఎలా తీర్చిదిద్దాలన్నది మన ఇష్టం మీద కన్నా పోటీ రకం మీద, గుర్రం జాతి మీద ఎక్కువగా ఆధారపడుతుంది. డ్రెస్సాజ్‌లో, అంటే రౌతు సంజ్ఞలకు గుర్రం నిర్ణీత కదలికలను చేసి చూపే పోటీలో, మెడ పైఅంచు వెంట గుండ్రంగా, బొత్తాముల్లా కనిపించే ముడిజడలు వేయడం ఆనవాయితీ. అమెరికాలో హంటర్ తరగతుల్లో, అంటే గుర్రం నడకనూ అడ్డంకులు దూకే తీరునూ చూసి తీర్పు చెప్పే పోటీ విభాగాల్లో, జడలు సన్నగా, బల్లపరుపుగా, ఒకదాని పక్కన ఒకటి ఇమిడిపోయి ఉంటాయి. ఒక మెడ మీద ముప్పైకి మించి వేయడం అక్కడ మామూలే. పాశ్చాత్య శైలి స్వారీ పోటీల్లో జడలకు బదులు జూలును చిన్న చిన్న పాయలుగా విడదీసి, ఒక్కొక్క పాయ మొదట్లో చిన్న రబ్బరు బ్యాండు చుట్టి, మెడకు అంటుకుని ఉండేలా వదులుతారు.

అరబ్బీ గుర్రాలను జాతి ప్రదర్శనల్లో పొడవైన జూలును స్వేచ్ఛగా వదిలే చూపిస్తారు. బ్రిటన్ కొండప్రాంతపు దేశవాళీ పోనీలను వాటి తరగతుల్లో జడలు లేకుండా సహజ రూపంలోనే బరిలోకి తీసుకెళ్లాలి. నార్వేకు చెందిన ఫ్యోర్డ్ జాతి గుర్రానికైతే జూలు మధ్యలో నల్లని గీత, రెండు పక్కలా తెల్లని వెంట్రుకలు ఉంటాయి గనుక, మెడ వంపును అనుసరించి నెలవంకలా కత్తిరించి, తెల్లని అంచులను కొంచెం తగ్గించి నల్లని గీత పైకి కనిపించేలా చేస్తారు. పోలో గుర్రాల జూలును కళ్లేలకూ కర్రకూ అడ్డం రాకుండా పూర్తిగా గొరిగేస్తారు; తోకను అల్లి, పైకి మడిచి, పట్టీతో బిగిస్తారు. కాబట్టి కత్తెర చేతికి తీసుకునే ముందు ఆ పోటీ నియమావళిని చదవడం మొదటి పని. అరబ్బీ గుర్రం జూలును డ్రెస్సాజ్ కొలతకు కత్తిరించిన తర్వాత విచారించి లాభం లేదు.

అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య డ్రెస్సాజ్ నియమాల్లో జూలును, తోకను మామూలుగా అల్లడానికి అనుమతి ఉంది; తోకకు రిబ్బన్లు, పూలు వంటి అలంకారాలు మాత్రం నిషిద్ధం. మూతి చుట్టూ, కళ్ల చుట్టూ ఉండే స్పర్శ వెంట్రుకలను కత్తిరించినా, గొరిగినా ఆ గుర్రాన్ని ఆ సమాఖ్య పోటీల నుంచి అనర్హం చేసే నియమం 2021 జులై 1 నుంచి అమలులో ఉంది. చీకట్లోనూ, ముక్కు కింద తన చూపు అందని చోటా గుర్రానికి ఆ వెంట్రుకలే దారి చెబుతాయి గనుక ఈ నియమం లేని చోట కూడా వాటి జోలికి పోకపోవడమే న్యాయమని నా అభిప్రాయం. ఇంకొక మాట. తోకకు కట్టిన ఎర్ర రిబ్బను అలంకారం కాదు. ఈ గుర్రం తన్నుతుంది, దూరంగా ఉండండి అని వెనుక వచ్చే రౌతులకు చేసే హెచ్చరిక. అందం కోసం ఎర్ర రిబ్బను ఎన్నడూ కట్టకూడదు.

చర్మం బాగుంటేనే జూలు

గుర్రం జూలును గోడకో, కంచెకో రుద్దుకుంటూ ఉంటే అల్లిక గురించి ఆలోచించడం అనవసరం. ముందు దురద ఎందుకో తేల్చాలి. తోక మొదట్లో వెంట్రుకలు చీపురులా విరిగి నిలబడి ఉంటే పిన్‌వార్మ్ అనే పేగుపురుగులు కారణం కావచ్చు. అవి మలద్వారం చుట్టూ గుడ్లు పెడతాయి, ఆ జిగట వల్ల పుట్టే దురదకు గుర్రం తోకను రుద్దుకుంటుంది. జూలు, తోక రెండూ రుద్దుకుంటూ, అదీ వెచ్చని నెలల్లోనే ఎక్కువవుతుంటే క్యూలికాయిడిస్ అనే అతి చిన్న కుట్టే ఈగల వల్ల వచ్చే అలర్జీని అనుమానించాలి. ఆ ఈగలు తెల్లవారుజామున, సాయంత్రం మసకచీకట్లో ఎక్కువగా తిరుగుతాయి గనుక ఆ వేళల్లో గుర్రాన్ని లాయంలో ఉంచడం, మెడను కూడా కప్పే ఈగల దుప్పటి వేయడం మేలు చేస్తుంది. పేలు పట్టినా, పొదుగు దగ్గర గాని మగ గుర్రపు తొడుగులో గాని మురికి పేరుకున్నా ఇదే లక్షణం కనిపిస్తుంది. వీటిలో ఏదన్నది పశువైద్యుడు చూసి చెప్పాలి. అది తగ్గే దాకా జడ వేయడం వల్ల దురద పెరుగుతుందే తప్ప ఒరిగేదేమీ లేదు.

రోజువారీ మాలీసులో జూలును మెత్తని కుంచెతో ఒక పక్కకు పడేలా దువ్వుతుండాలి. సంప్రదాయం ప్రకారం జూలు కుడి పక్కకు పడాలి. ఎడమకు పడే జూలుంటే తడిపి, కుడికి దువ్వి, వదులుగా నాలుగైదు జడలు వేసి కొన్ని గంటలు ఉంచి విప్పుతూ, ఈ పనిని వారాల తరబడి ఓపికగా చేస్తే క్రమంగా దారికి వస్తుంది. ఇనుప గొరపాన్ని జూలుకు గాని తోకకు గాని తగలనివ్వకూడదు.

చిక్కు తీయడం

తోక చిక్కు తీయడం చూస్తే ఆ లాయంలో గుర్రాలను ఎలా చూసుకుంటారో తెలిసిపోతుంది. దువ్వెనను పైన పెట్టి కిందికి లాగేవారి చేతిలో ప్రతిసారీ పది పదిహేను వెంట్రుకలు మిగులుతాయి. ఏడాదికి ఆ లెక్క ఎంతవుతుందో ఆలోచించండి.

ఎప్పుడూ గుర్రం వెనుక నేరుగా కాకుండా పక్కన, తుంటికి దగ్గరగా నిలబడాలి. తన వెనుక నేరుగా ఉన్నది గుర్రానికి కనిపించదు గనుక, చేతిని ముందు వీపు మీద ఉంచి, అక్కడి నుంచి పిరుదు మీదుగా తోక దాకా జార్చి, మనం ఎక్కడున్నామో దానికి తెలియనివ్వాలి. ఆ తర్వాత తోకను పక్కకు తెచ్చుకుని, ఒక చేత్తో మధ్యలో గట్టిగా పట్టుకోవాలి. లాగే బరువు ఆ పట్టు మీద పడాలి, కుదుళ్ల మీద పడకూడదు. రెండో చేతి వేళ్లతో కింది కొసల నుంచి మొదలుపెట్టి, నాలుగైదు వెంట్రుకల చొప్పున వేరు చేస్తూ పైకి రావాలి. ముడి బిగుసుకుని ఉంటే చిక్కు విడదీసే ద్రవం కొంచెం రాసి, కాసేపు నానబెట్టి, ముడిని వేళ్లతో అడ్డంగా విప్పాలి. అంతా వేళ్లతో విడిపోయాకే వెడల్పు పళ్ల దువ్వెనతో ఒకసారి పై నుంచి కిందికి దువ్వవచ్చు. పొడి తోకను, మట్టి ఉన్న తోకను దువ్వకూడదు.

సిలికాన్ ఉన్న మెరుపు ద్రవాల విషయంలో జాగ్రత్త అవసరం. తోక కింది భాగానికి అవి చాలా ఉపయోగం. చిక్కు పడనివ్వవు, గడ్డిపరకలు అంటనివ్వవు. కాని జూలుకూ, తోకలో అల్లబోయే పైభాగానికీ రాస్తే వెంట్రుక జారుడుగా మారి జడ నిలవదు. జీను కూర్చునే వీపు మీద పడితే జీనే జారుతుంది.

స్నానం పోటీకి ఒకటి రెండు రోజుల ముందే ముగియాలి. అప్పుడే కడిగిన వెంట్రుక మృదువుగా జారిపోతుంది. ఒకరోజు గడిచిన వెంట్రుకకు జడను పట్టి ఉంచే గరుకుదనం కొంత తిరిగి వస్తుంది. గోరువెచ్చని నీటితో జూలును కుదుళ్ల దాకా తడిపి, షాంపూను చేతిలో నురుగు చేసుకుని వేళ్ల కొసలతో చర్మం మీద రుద్ది, నీరు తేటగా వచ్చే వరకు కడగాలి. మిగిలిపోయిన సబ్బు ఎండితే పొట్టులా రాలుతుంది, దురద పుట్టిస్తుంది. జూలుకు కండిషనర్ వద్దు, తోకకు కావాలంటే కొసలకు మాత్రం. తెల్లని తోక పసుపుబారి ఉంటే ఊదారంగు షాంపూ ఆ పసుపును కప్పుతుంది గాని ఎక్కువసేపు ఉంచితే తోకే ఊదాగా మారుతుంది. డబ్బా మీద రాసిన సమయాన్ని దాటనివ్వకండి.

జూలు పొడవు, మందం సరిచేయడం

ముడిజడలకు జూలు పొడవు సుమారు 10 నుంచి 13 సెంటీమీటర్లు, అంటే దాదాపు అరచేతి వెడల్పు ఉండాలి. అంతకన్నా పొడవైతే ముడి లావుగా వస్తుంది, పొట్టిదైతే మడవడానికి అందదు. పొడవుతో పాటు మందం కూడా మెడ పొడవునా ఒకేలా ఉండాలి. సాధారణంగా మధ్యలో దట్టంగానూ, చెవుల దగ్గరా మూపు దగ్గరా పలుచగానూ ఉంటుంది.

పాత పద్ధతిలో జూలు అడుగున ఉన్న పొడవైన వెంట్రుకలను కొన్ని పట్టుకుని, మిగతావాటిని పైకి తోసి, పట్టుకున్నవాటిని దువ్వెనకు చుట్టి కుదుళ్లతో లాగేస్తారు. స్వారీ ముగిసి ఒళ్లు వెచ్చగా ఉన్నప్పుడు, ఒక్కోసారి అయిదారు వెంట్రుకలకు మించకుండా, ఒకే రోజు కాక వారం పది రోజుల పాటు కొంచెం కొంచెంగా చేస్తే చాలా గుర్రాలు పట్టించుకోవు. కాని కొన్ని గుర్రాలు ప్రతి లాగుడుకూ తల ఎగరేస్తాయి, చెవులు వెనక్కి వాలుస్తాయి. అది మొండితనం కాదు, నొప్పి. అలాంటి గుర్రానికి లాగడం మాని, బ్లేడు ఉన్న పలచబరిచే దువ్వెన వాడటం మంచిది. కుదురు దగ్గర కాక, కావలసిన పొడవు దగ్గర, అడుగు పొర నుంచి కోయాలి. ఏ పద్ధతైనా పైపొరను కోయకూడదు. కోస్తే పది రోజులకు పొట్టి వెంట్రుకలు ముళ్లలా నిలబడతాయి. మామూలు కత్తెరతో అడ్డంగా ఒకే గీతలో కత్తిరించిన జూలు చూడటానికీ మొరటుగా ఉంటుంది, జడ కొసలో మొద్దుగానూ మిగులుతుంది.

చెవుల వెనుక కళ్లెం పట్టీ కూర్చునే చోట రెండు వేళ్ల వెడల్పున గొరగడం చాలా పోటీల్లో మామూలే. ఎక్కువ గొరిగితే వెనక్కి తీసుకోలేం గనుక తక్కువతోనే మొదలుపెట్టండి.

ముడిజడలు వేయడం

కావలసినవి: నీటి స్ప్రే, స్పాంజి, జూలు దువ్వెన, పాయలు వేరుచేసే పిన్ను, జూలు రంగులోనే ఉన్న గట్టి నూలుదారం, మొద్దు కొస ఉన్న పెద్ద సూది, కుట్లు విప్పే చిన్న పరికరం, కదలని పీట. రబ్బరు బ్యాండ్లతో పని త్వరగా అవుతుంది గాని తీసేటప్పుడు వెంట్రుకలు తెగుతాయి. నేర్చుకునే దశలో బ్యాండ్లతో అలవాటు చేసుకున్నా, పోటీకి దారాన్నే నమ్ముకోవాలని నా సలహా.

సూది విషయం ప్రత్యేకంగా చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక తెల్లవారుజామున నేను జడలు వేస్తుండగా సూది చేజారి లాయంలోని గడ్డిలో పడింది. గుర్రాన్ని బయటికి తీసి, గడ్డినంతా గుప్పెడు గుప్పెడుగా తీసి విదిలించి, చివరికి అయస్కాంతంతో వెతికితే గోడ మూలన దొరికింది. గంటకు పైగా పట్టింది. ఆ గుర్రం ముందు మేత లేకపోవడం వల్ల బతికిపోయాం. ఆనాటి నుంచి ఊడ్చిన గచ్చు నేల మీదే అల్లుతాను, సూదిలో ఎప్పుడూ పొడవాటి రంగు దారం వేలాడుతుంటుంది, ఎన్ని సూదులు తెచ్చానో అన్నీ లెక్కపెట్టి తిరిగి డబ్బాలో పెడతాను. మీరు కూడా అలాగే చేయాలని మనవి.

మెడ ఆకారాన్ని బట్టి జడల సంఖ్యను నిర్ణయించుకోవాలి. చిన్న జడలు ఎక్కువగా వేస్తే పొట్టి మెడ పొడవుగా అనిపిస్తుంది. పెద్దవి తక్కువగా వేస్తే మరీ పొడవైన మెడ కుదురుగా కనిపిస్తుంది. కండ లేని మెడకు ముడులను అంచు మీద కాస్త ఎత్తుగా నిలబెడితే వంపు నిండుగా వస్తుంది. అప్పటికే బరువుగా ఉన్న మెడకు వాటిని అంచు కిందికి దించి అదుముకోవాలి. బ్రిటన్ ఆనవాయితీలో మెడ మీద జడలు బేసి సంఖ్యలో ఉండి, నుదుటి జూలు జడతో కలిపితే సరి సంఖ్య అవుతుంది.

జూలును తడిపి, దువ్వెన వెడల్పును కొలతగా పెట్టుకుని, చెవుల దగ్గర నుంచి మూపు దాకా సమాన పాయలుగా గుర్తుపెట్టుకోవాలి. మొదటి పాయను మూడుగా చీల్చి అల్లడం మొదలుపెట్టాలి. తొలి రెండు మూడు మెలికలే జడకు ప్రాణం. అవి కుదురుకు ఆనుకుని, రెండు బొటనవేళ్లతో కిందికి అదుముతూ, బిగువుగా రావాలి. ఆ బిగువు వెంట్రుకల మధ్య ఉండాలి గాని చర్మాన్ని లాగకూడదు. సగం దాటాక మడిచిన దారాన్ని జడ వెనుక పెట్టి, రెండు కొసలను రెండు పాయలతో కలిపి చివరి దాకా అల్లాలి. కొసను దారంతో మూడు నాలుగు చుట్లు చుట్టి ముడి వేయాలి.

ఇప్పుడు దారాన్ని సూదికి ఎక్కించి, కొసను కిందికి మడిచి ఒక కుట్టు వేయండి. విడి వెంట్రుకలు లోపలికి పోతాయి. తర్వాత సూదిని జడ మొదట్లో, కింది నుంచి పైకి, చర్మానికి తగలకుండా నడిపి దారం లాగితే జడ సగానికి మడతపడి పైకి వస్తుంది. ఆ మడతను మళ్లీ సగానికి మడవాలి, లేదా కొస నుంచి చాప చుట్టినట్టు చుట్టి కుదురు దగ్గర కూర్చోబెట్టాలి. అలా కూర్చోబెట్టిన ముడిని ఎడమచేతి చూపుడువేలు, బొటనవేలి మధ్య పట్టుకుని, సూదిని ముడి మధ్యగా ఒకసారి, కుడి పక్కగా ఒకసారి, ఎడమ పక్కగా ఒకసారి నడిపి, అడుగున ముడి వేసి దారం కోసేయాలి. వేలు తీశాక ముడి తనంత తాను నిలవాలి. వేలితో కదిపితే ఊగుతుంటే విప్పి మళ్లీ వేయండి, ఎందుకంటే పరుగులో అదే ముందు జారుతుంది.

నుదుటి జూలుకు రెండు పక్కల నుంచీ కొత్త పాయలు కలుపుకుంటూ అల్లే జడ చక్కగా అమరుతుంది. కళ్లెం నుదుటి పట్టీ దాన్ని నొక్కకుండా చూసుకోవాలి.

జడలన్నీ అయ్యాక ఒక పరీక్ష తప్పనిసరి. చేతిలో కొంచెం మేత పట్టుకుని గుర్రం చేత తలను నేల దాకా దింపించండి. మెడ సాగినప్పుడు జడల మొదట్లో చర్మం చిన్న గుడారాల్లా పైకి లేస్తే అల్లిక బిగిసిందన్నమాట. మెడ చాచడానికి భయపడే గుర్రం డ్రెస్సాజ్ బరిలో ఎలా నడుస్తుంది? ఆ జడలను నిర్మొహమాటంగా విప్పేయాలి.

కత్తిరించడానికి మనసు రాని పొడవైన జూలుకు, ఫ్రీజియన్, ఆండలూసియన్ గుర్రాల జూలు వంటిదానికి, మెడ అంచు వెంటే సాగే ఒకే పొడవు జడ వేస్తారు. చెవుల దగ్గర మూడు పాయలతో మొదలుపెట్టి, జూలు వైపు నుంచి మాత్రమే కొత్త వెంట్రుకలు కలుపుతూ మూపు దాకా వెళ్లాలి. దీన్ని కొంచెం వదులుగా ఉంచకపోతే గుర్రం మెడ దించగానే మొత్తం జడ బిగుసుకుంటుంది.

తోక

తోక పైభాగాన్ని అల్లడానికి రెండు అంచుల వెంట్రుకలు పొడవుగా ఉండాలి. అంచులు లాగి పలచబరిచిన తోకను అల్లలేం. పైభాగాన్ని తడిపి, ఎంత పైకి వీలైతే అంత పైనుంచి, కుడి అంచు నుంచి సన్నని పాయ ఒకటి, ఎడమ అంచు నుంచి ఒకటి, మధ్యలో ఒకటి తీసుకుని అల్లిక మొదలుపెట్టాలి. ప్రతి మెలికకూ ఒక్కో అంచు నుంచి నాలుగైదు వెంట్రుకలే కలుపుకోవాలి. పాయలను ఒకదాని మీదుగా ఒకటి వేస్తే జడ చదునుగా ఉంటుంది. ఒకదాని కిందుగా వేస్తే నడుమ తాడులా ఉబ్బుతుంది. తోక ఎముకలో మూడింట రెండొంతులు దిగాక పక్క వెంట్రుకలు కలపడం ఆపి, ఉన్న పాయలను మాత్రం కొస దాకా అల్లి, దారంతో కట్టి, వెనక్కి మడిచి జడ అడుగున కుట్టేయాలి.

వాహనంలో వెళ్లేటప్పుడు ఈ అల్లికను కాపాడే పట్టీ ఒక్కోసారి ప్రమాదమే తెస్తుంది. బిగించి కట్టి గంటల తరబడి వదిలితే తోకకు రక్తప్రసరణ తగ్గుతుంది. వెంట్రుకలు రాలడం, తెల్లబడటం, ఇంకా తీవ్రమైతే తోక చర్మమే దెబ్బతినడం జరగవచ్చు. పట్టీని తడపకూడదు, ఎండితే బిగుసుకుంటుంది. వేలు దూరేంత వదులుగా, చుట్లన్నీ ఒకే బిగువుతో కట్టి, కొన్ని గంటలకు మించకుండా తీసేయాలి, రాత్రంతా ఉంచకూడదు. అల్లని తోక మీది పట్టీని రెండు చేతులతో కిందికి జార్చి తీయవచ్చు గాని, అల్లిన తోక మీదిది చుట్టు చుట్టుగా విప్పాలి.

కొసలను సమంగా కోసే పద్ధతి ఉన్న పోటీలకు, గుర్రం నడిచేటప్పుడు తోక ఎంత ఎత్తుకు లేస్తుందో చూసుకుని, సహాయకుడి చేత తోక మొదలు కింద ముంజేయి పెట్టించి ఆ ఎత్తుకు నిలిపించి, అప్పుడు వెనుకకాలి మడమ కీలుకు సుమారు 10 సెంటీమీటర్ల కింద అడ్డంగా కోయాలి. తోకను వేలాడనిచ్చి కోస్తే బరిలో అది లేచినప్పుడు పొట్టిగా, వంకరగా కనిపిస్తుంది. పలుచని తోకకు సవరం పెట్టుకోవడాన్ని కొన్ని పోటీలు అనుమతిస్తాయి, కొన్ని అనుమతించవు, నియమం చూసుకోవాలి.

విప్పడం

పోటీ ముగిసిన వెంటనే జడలు విప్పాలి. రాత్రి దాకా ఉంచితే గుర్రం దురదకు మెడ రుద్దుకుని, తెల్లారేసరికి సగం జడలను వెంట్రుకలతో సహా పీకేసుకుంటుంది. కత్తెర వాడకండి, దారం అనుకుని జూలును కోయడం అలసిన వేళ చాలా తేలిక. కుట్లు విప్పే పరికరాన్ని ముడి అడుగున దూర్చి దారాన్ని మాత్రం తెంపి, జడను కొస నుంచి వేళ్లతో విడదీసి, తెగిన దారం ముక్కలన్నీ ఏరాలి. జూలు అలలు అలలుగా ఉంటుంది. దాన్ని దువ్వెనతో సరిచేయాలని చూడక, స్పాంజితో కుదుళ్ల దాకా తడిపి, అరచేత్తో కుదుళ్లను మృదువుగా మర్దన చేసి, కుడికి పడేలా మెత్తని కుంచెతో ఒకసారి రాసి వదిలేయండి. సూదుల లెక్క సరిపోయాక గుర్రాన్ని పచ్చికలోకి వదలవచ్చు.